మావయ్య వెబ్లీ: ఆరేళ్ళ వాడకం తర్వాత

మొదటి గుండు గొట్టంలోంచి బయటికే రాలేదు. మీట నొక్కితే పాత సోఫాలో ఎవరో కూలబడినట్టు ఒక నిట్టూర్పు, తర్వాత సన్నగా స్ప్రింగు జిర్రుమన్న మోత, అంతే. సైకిలు చువ్వతో నెడితే గుండు వెనక్కి వచ్చి నా ఒళ్ళో పడింది. ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడు అదే వెబ్లీ గాలి పిస్తోలుతో వారానికి మూడు రోజులు, రోజుకు పాతిక గుళ్ళ చొప్పున కొడుతున్నాను. నా నోటుబుక్కు లెక్క ప్రకారం ఏడు వేలు దాటాయి. ఈ మధ్యలో నేను చేసిన మంచి పనులు, చెడగొట్టిన పనులు, చెడగొట్టి మళ్ళీ బాగుచేసుకున్న పనులు రాస్తున్నాను.

మా మేనమామ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళు ఎంతమందో, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ ఒకప్పుడు అంత సందడిగా ఉండేవి. వాళ్ళలో ఒక డ్రైవరు కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇంటి సామాను అమ్ముకుంటుంటే మావయ్య కుర్చీలు కొనడానికి వెళ్ళి దీన్ని కొనుక్కొచ్చారు. రిటైరై పర్లాకిమిడి వచ్చాక నూనె గుడ్డలో చుట్టి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, అటక మీదికి ఎక్కించేశారు. ఆయన పోయిన ఏడాదికి అత్తయ్య డబ్బా నా చేతిలో పెట్టి, “నీకు ఇలాంటి మరమ్మతులంటే సరదా కదా నాయనా, తీసుకుపో. ఇంట్లో ఉంటే దొంగ కంటే నాకే ఎక్కువ భయం” అంది.

అది వెబ్లీ సీనియర్. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసింది. ఆ కంపెనీ గాలి పిస్తోళ్ళు 1924లో మార్క్ వన్‌తో మొదలయ్యాయి. సీనియర్ 1930లో వచ్చింది. నాది 177 బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. ఇది ముందే చూసుకోవాలి. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లకు మించని బోరు, 20 జౌళ్ళకు మించని శక్తి ఉన్న గాలి ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు. ఇదే పిస్తోలు 22 బోరులో, అంటే 5.5 మిల్లీమీటర్లలో కూడా వచ్చేది. అది మీ అటక మీద దొరికితే కథ వేరు.

దీని అమరిక తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మామూలు గాలి తుపాకీలో స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. దీంట్లో అంతా తలకిందులు. గొట్టం సిలిండరు నెత్తిమీద పడుకుని ఉంటుంది. వెనక ఉన్న కొక్కెం నొక్కి గొట్టాన్ని పైకి లేపి, పుస్తకం అట్ట తెరిచినట్టు ముందుకు తిప్పాలి. అప్పుడు లోపల పిస్టన్ ముందుకు వెళ్ళి స్ప్రింగును అదుముతుంది. మీట నొక్కితే పిస్టన్ మన చేతి వైపు దూసుకొస్తుంది. దాని ముందున్న గాలి నలిగి, చిన్న రంధ్రంలోంచి పైకెక్కి, గుండును తోస్తుంది. పిస్టన్ మన వైపు వస్తుంది కాబట్టి పిస్తోలు మొదట ముందుకు గెంతుతుంది, ఆ తర్వాతే వెనక్కి తన్నుతుంది. చేతిలోంచి ఎవరో లాక్కుంటున్నట్టు ఉండే ఆ చిన్న కుదుపు అలవాటు కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇంత పొట్టి ఆయుధంలో ఇంత పొడుగు గొట్టం ఇమిడిందంటే ఈ తలకిందుల అమరిక వల్లే. చేసినవాళ్ళ బుర్రకు దండం పెట్టాలి.

విప్పడంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. సిలిండరు ముందు భాగంలో మరలతో తిప్పి బిగించే మూత ఉంటుంది. లోపల స్ప్రింగు, ఎక్కుపెట్టకపోయినా సరే, కొంత అదుముకునే ఉంటుంది. బెంచి వైసులో గుడ్డ చుట్టి బిగించి, మూత తిప్పుతూ వచ్చాను. చివరి మరకు ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. టప్పున మూత లేచింది, స్ప్రింగు దాని వెంటే లేచింది, రెండూ కలిసి వంటింటి గుమ్మం దాటి బియ్యం డబ్బాకు తగిలాయి. డబ్బాకు నొక్కు పడింది. మా ఆవిడ బయటికొచ్చి డబ్బాను చూసి, నన్ను చూసి, “కన్ను ఉందా?” అని మాత్రం అడిగింది. ఆ రోజు నుంచి ఈ పని చేసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాను. మూత ఎదురుగా మొహం ఉండకుండా పక్కన నిలబడి, మందపాటి చెక్కను మూతకు ఆనించి, రొమ్ముతో నొక్కి పట్టి చివరి మరలు విప్పుతున్నాను. ఆ చెక్క మీద ఇప్పుడు మూత అచ్చు పడిపోయి, చక్కగా కూర్చుంటుంది.

లోపల చూస్తే తుప్పు తక్కువ, మడ్డి ఎక్కువ. యాభై ఏళ్ళ నూనె తారులా గట్టిపడి ఉంది. కిరసనాయిలులో రెండు రాత్రులు నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమితే పోయింది. పిస్టన్‌కు ఉన్న కంచు రింగు ఒక వైపు అరిగి, గోరుకు తగిలేంత సందు ఇచ్చింది. గొట్టం వెనక కొస వచ్చి కూర్చునే చోట ఉన్న తోలు వాషరు బెల్లం పాకంలో వేసిన అటుకులా పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోయింది. స్ప్రింగు మధ్యలో వంగింది. గాలి పోవడానికి ఉన్న దారులన్నీ తెరిచి ఉంటే గుండు ఎందుకు కదులుతుంది?

తోలు వాషరు మన ఊళ్ళలో సమస్యే కాదు. సైకిలు పంపుకూ చేతి పంపుకూ తోలు వాషర్లు వేసిన దేశం మనది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చుని, గేదె తోలు ముక్క మీద పాత వాషరు కొలత గీసి ఇస్తే, రెండు నిమిషాల్లో మూడు కోసిచ్చి డబ్బు వద్దన్నాడు. ఇక దాన్ని దేంట్లో నానబెట్టాలన్నది ప్రశ్న. మా అమ్మ ఆముదం అంది. బండి ఇరుసులకు పూర్వం ఆముదమే కదా అని నేనూ సరేనన్నాను. మొదటి మూడు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. చలికాలం వచ్చేసరికి జిగురైంది. గొట్టం మూస్తే కొక్కెం పూర్తిగా పడదు, తెరిస్తే వాషరు గొట్టానికి అంటుకుని పైకి వస్తుంది. రెండో వాషరును సిలికాన్ నూనెలో నానబెట్టాను. అది అయిదేళ్ళుగా అలాగే ఉంది. మూడోది ఇంకా డబ్బాలోనే ఉంది.

నూనె సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మొదట్లో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గాలి రంధ్రంలో వేశాను. ఎక్కుపెట్టి కొడితే ఠాప్‌మని పేలింది, గొట్టం కొస నుంచి నీలిరంగు పొగ లేచింది, గుండు అట్టపెట్టెను దాటి గోడకు తగిలింది. దీనికి ఇంత దమ్ముందా అని పొంగిపోయాను. మర్నాడు తెలిసింది అది దమ్ము కాదు, మంట అని. పిస్టన్ ఒక్కసారిగా నొక్కేసరికి గాలి వేడెక్కి, లోపలి నూనె ఆవిరి డీజిలు ఇంజనులో లాగే అంటుకుంది. నాలుగు సార్లు అలా జరిగితే కొత్త వాషరు మాడిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది. గాలి నలిగే చోట అంటుకునే నూనె ఏదీ పడకూడదు. ఇరుసు పిన్నులకు, మీట లోపలి భాగాలకు మాత్రం కుట్టుమిషను నూనె శుభ్రంగా సరిపోతుంది.

పిస్టన్ రింగు కోసం పాతపట్నం వెళ్ళాను. మాకు అది పక్క ఊరే, కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది: మా పర్లాకిమిడి ఒడిశా, అది ఆంధ్ర. సరిహద్దు చెక్‌పోస్టులో సంచి తెరవమంటే లోపల పిస్తోలు ఆకారం కనిపించడం ఎంత తలనొప్పో ఊహించి, పిస్టన్ ఒక్కదాన్నే చేతిరుమాలులో కట్టుకుపోయాను. లేతు మేస్త్రీ దాన్ని చూసి స్కూటరు షాక్ అబ్జార్బరుదా అన్నాడు. అవునన్నాను. పాత మోటారు పంపు బుష్షు నుంచి ఒక గన్‌మెటల్ రింగు తీశాడు. పని ముచ్చటగా ఉంది కానీ బిగువైంది. ఇంటికొచ్చి ఎక్కిస్తే పిస్టన్ సగంలో ఇరుక్కుంది. ఎమరీ కాగితంతో అరగదీసి అరగదీసి వదులు చేసేశాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయనే టెఫ్లాన్ కడ్డీ ముక్క తీసి, “లోహం వద్దు బాబూ, ఇది పెట్టండి, సిలిండరుకు గీత పడదు” అన్నాడు. ఆ టెఫ్లాన్ రింగే ఇప్పటికీ ఉంది. ఈ పిస్తోలుకు నేను చేసిన మార్పుల్లో నిజంగా మార్పు అనదగ్గది ఇదొక్కటే, అది కూడా నా ఆలోచన కాదు.

స్ప్రింగు దగ్గర నాకు ఆశ పుట్టింది. పాతది వంగింది కాబట్టి కొత్తది ఎలాగూ కొనాలి, కొనేదేదో గట్టిది కొందామని. ఊరూ పేరూ అనవసరం, ఒక అమ్మకందారు తపాలాలో పంపాడు. తీగ పాతదాని కంటే మందం. దాన్ని లోపలికి అదమడానికి నేనూ మా తమ్ముడూ కలిసి కుస్తీ పట్టాం. ఎక్కుపెట్టడానికి గొట్టం తిప్పుతుంటే మణికట్టు వణికేది. అయినా రెండు నెలలు వాడాను, డబ్బు పెట్టాను కదా.

వేగం కొలిచే యంత్రం నా దగ్గర లేదు. ఫోనుంది. పది మీటర్ల దూరంలో రేకు డబ్బా పెట్టి, ఫోనును పిస్తోలు పక్కనే ఉంచి శబ్దం రికార్డు చేశాను. దాన్ని కంప్యూటర్‌లో గీతలుగా చూస్తే పేలిన చప్పుడు ఒక చోట, డబ్బాకు తగిలిన చప్పుడు ఒక చోట స్పష్టంగా లేస్తాయి. వాటి మధ్య ఉన్న కాలంలోంచి డబ్బా చప్పుడు తిరిగి నా దాకా రావడానికి పట్టే 0.03 సెకను తీసేస్తే మిగిలింది గుండు ప్రయాణం. అరిగిన రింగుతో, పాత స్ప్రింగుతో లెక్క సెకనుకు 66 మీటర్లు వచ్చింది. టెఫ్లాన్ రింగూ గట్టి స్ప్రింగూ వేశాక 116. ఆ తర్వాత గట్టిది తీసేసి, పాత స్ప్రింగు తీగ మందాన్ని వెర్నియరుతో కొలిచి అదే కొలతలో చేయించుకున్నది వేస్తే 110. అంటే ఆ కుస్తీ అంతటికీ దక్కింది ఆరు మీటర్లు. అర గ్రాము గుండుకు 110 మీటర్ల వేగమంటే 3 జౌళ్ళు. చట్టం గీసిన గీతకు ఆమడ దూరం.

ఆ ఆరు మీటర్లకు నేను చెల్లించిన మూల్యం వేరే ఉంది. గట్టి స్ప్రింగు తన్నుడుకు గొట్టం ఇరుసు పిన్ను వదులైంది. గుళ్ళు కాగితం మీద చెల్లాచెదురు. మెత్తని స్ప్రింగు వేసి, పిన్ను కొత్తది చేయించి ఎక్కించాకే మళ్ళీ ఒక చోటికి చేరాయి. స్ప్రింగు రెండు కొసలను చదునుగా నూరి, నున్నగా మెరుగు పెట్టి, కొస కింద ఒక పలుచని ఉక్కు వాషరు వేసి, చుట్టల మీద చిక్కటి గ్రీజు సన్నగా రాశాను. ఆ జిర్రుమనే మోత పోయింది. ఇప్పుడు తలుపు గడియ పడ్డట్టు ‘టక్’ అంటుంది. నాకు వేగం కంటే ఈ టక్ ఎక్కువ తృప్తినిచ్చింది.

మీట లోపలి కొక్కేలను ముట్టుకోలేదు. వాటి పై పొర మాత్రమే గట్టిది. ఆకురాయి పెడితే ఆ పొర పోయి, రేపెప్పుడో మీట ముట్టకుండానే పేలుతుంది. కడిగి, నూనె వేసి, వదిలేశాను. మీట కొంచెం బరువే. ఉండనీ.

ఇక పిడి. పాత నల్లటి పిడి పలకల్లో ఒకటి పగిలి ఉంది. పర్లాకిమిడిలో ఉండి పిడికి కొమ్ము తప్ప ఇంకేదైనా పెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? మా ఊరి కొమ్ము పని పేరున్నది. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు, పశువుల కొమ్ముతో ఏదైనా చేస్తారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి పలకలు తీసుకెళ్ళాను. కొమ్మును నిప్పుల మీద తిప్పుతూ వేడిచేస్తే జుట్టు కాలిన వాసన వీధంతా నిండింది. మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య బిగించి పలక చేశాడు. చల్లారాక రంపంతో కోసి, ఆకురాయితో ఒంపులు తీసి, చివర ఏదో ఆకుతో రుద్దాడు. నల్లటి పలక మీద తేనె రంగు చార. నేను ఆ సాయంత్రం ఒక్క గుండూ కొట్టకుండా దాన్ని దీపం కింద తిప్పి చూస్తూ కూర్చున్నాను.

కానీ ఇది సమీక్ష కాబట్టి నిజం రాయాలి. మే నెలలో చేయి చెమర్చితే కొమ్ము సబ్బులా జారుతుంది. గళ్ళు చెక్కించాను, కొంత నయం. మొదటి వానాకాలం దాటేసరికి పలకల అంచులు అప్పడంలా లేచాయి. మరలు బిగిస్తే మధ్యలో చిట్లుతుందేమోనని భయం. రెండో ఏడాది వాటిని తీసి భద్రంగా దాచి, పాత ఇంటి గుమ్మం నుంచి తీసిన టేకు ముక్కతో పలకలు నేనే చెక్కుకున్నాను. బొటనవేలు ఆనే చోట చిన్న గుంట, అరచేయి కింద చిన్న గట్టు. అందానికి మార్కులు తక్కువే, పనికి మాత్రం తిరుగులేదు. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం కొమ్ము పలకలు ఎక్కిస్తాను.

రంగు గురించి. తుప్పు తోమాక ఉక్కు అక్కడక్కడా బోడిగా బయటపడింది. అసలు నీలి పూతకు కావలసిన రసాయనాలు ఇంట్లో వాడదగ్గవి కావు. అప్పుడు కరక్కాయ గుర్తొచ్చింది. ఇనప కత్తితో పచ్చి అరటికాయ కోస్తే కత్తి నల్లబడటం ఎవరికి తెలియదు? అదే సూత్రం. వగరులో ఉండే టానిన్ ఇనప తుప్పుతో కలిసి నల్లటి పొర అవుతుంది. పూర్వం రాత సిరా కూడా అలాంటిదే. కొండ నుంచి సంతకొచ్చే కరక్కాయలు గుప్పెడు నలగ్గొట్టి, రెండు రోజులు నానబెట్టి, సగానికి ఇగిరే దాకా మరిగించాను. ఉక్కును సబ్బుతో కడిగి ఆరబెట్టి, వెచ్చచేసి, ఈ కషాయం గుడ్డతో పూస్తూ పోతే మొదట ఊదా, తర్వాత బూడిద, అయిదో పూతకు ముదురు నలుపు తేలింది. చివర వేడి మీదే నూనె రాయాలి. కొట్లో పూతలా నిగనిగలాడదు, పాత ఇనప పెనంలా మసకగా ఉంటుంది. నాకు అదే నచ్చింది. చేయి తగిలే చోట్ల ఏడాదికోసారి చెరిగిపోతుంది, మళ్ళీ పూస్తాను. గొట్టం లోపలికి మాత్రం చుక్క పోకుండా రెండు కొసలకూ మైనం బిరడాలు పెడతాను.

కొట్టేది ఎక్కడంటారా? మా వైపు పాత ఇళ్ళు వీధి గుమ్మం నుంచి పెరటి దాకా రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటాయి. మా నడవ సరిగ్గా పది మీటర్ల పై చిల్లర. ఒలింపిక్స్‌లో 1988 నుంచి ఉన్న గాలి పిస్తోలు పోటీ దూరమూ పదే. ఆ పోటీ కాగితంలో నల్ల వృత్తం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు, నడిమి పది మార్కుల వలయం 11.5. పెరటి తలుపు గడియ వేసి, తలుపు ముందు చెక్కపెట్టె, పెట్టెలో పాత బట్టలూ దినపత్రికలూ కుక్కి, ముందు కాగితం. రేకు పలక పెడితే గుండు వెనక్కి ఎగిరొస్తుంది, వద్దు. ఇప్పుడు నిలబడి ఒంటిచేత్తో కొడితే పదింటికి ఏడో ఎనిమిదో నల్లలో పడతాయి. బల్ల మీద చేయి ఆనిస్తే టీ గ్లాసు మూతి అంత చోట్లో పదీ. పోటీ పిస్తోలుతో పోలిస్తే ఇది నవ్వులాటే. ఆ పదకొండున్నర మిల్లీమీటర్లలో వరసగా కొట్టేవాళ్ళను టీవీలో చూస్తే నాకు అరచేతులు చెమరుస్తాయి.

గుళ్ళు సీసం. కొట్టాక చేతులు సబ్బుతో కడగకుండా నీళ్ళ చెంబు ముట్టను, పిల్లలను ఆ పెట్టె దగ్గరికి రానివ్వను. కాయల మీదికి కోతులొస్తున్నాయి, ఒక్కటి తగిలించవా అని పక్కింటాయన రెండుసార్లు అడిగారు. కోతికీ పిట్టకీ ఇది ఎక్కుపెట్టనని రెండుసార్లూ చెప్పాను. మూడోసారి అడగలేదు కానీ పలకరింపు కొంచెం తగ్గింది.

ఖర్చు మొత్తం రెండు వేల లోపే. అందులో సగం ఆ గట్టి స్ప్రింగుదే, దాన్ని ఇప్పుడు మా ఆవిడ పెరటి తలుపు దానంతటదే మూసుకోవడానికి బిగించింది. అక్కడ బాగా పనిచేస్తోంది.

ప్రస్తుతానికి ఒకే ఫిర్యాదు. వెనక కొక్కెం పట్టు అరిగి, గొట్టం మూసినప్పుడు వెంట్రుక వాసి ఆడుతోంది. ఆ సందుకు పలుచని ఇత్తడి రేకు పెట్టాలా, కొక్కేన్నే కొత్తగా చేయించాలా అన్నది పాతపట్నం మేస్త్రీని అడగాలి. ఈసారి స్కూటరు భాగమంటే నమ్మేలా లేదు.